ఆకుపిట్ట రాలేదన్నాను

ఆ సెప్టెంబరంతా మా ఇంట్లో ఒకటే వాదన. ఆకుపిట్ట ఈ ఏడు రాలేదని నేను. అది వచ్చే ఉంటుంది, నీ చెవికే చేరలేదేమోనని మా ఆయన. ఉద్యోగమంతా బస్సులో టికెట్లు కొట్టినవాడు, విజిల్ తప్ప మరో కూత తెలియని మనిషి, నాకు పిట్టల గురించి చెప్పడమేమిటని నేను పట్టించుకోలేదు. పెళ్ళయిన కొత్తలో నేను పాడిన కీర్తన విని, శ్రుతి తప్పిందని వాళ్ళ అక్క ముందు అన్నాడు. అది నాకింకా గుర్తుంది. ఆయనకు గుర్తు లేదట.

ఆకుపిట్ట అనేది నేను పెట్టుకున్న పేరు. మా వైపు దానికి విడిగా పేరు లేదు. ఎవరినడిగినా ఏదో ఒక పిట్ట అంటారు. పిచ్చుక కన్నా చిన్నది. వీపు పాచి రంగు, పొట్ట మాసిన తెలుపు, కంటి మీద సన్నటి గీత, రెక్క మీద ఉందా లేదా అన్నట్టు మరో గీత. హిమాలయాల వైపు నుంచి బయలుదేరి వానలు వెనకబట్టే వేళకు మా నల్లమల అంచుకు చేరుతుంది. కొన్ని ఇక్కడే చలికాలం గడుపుతాయి, కొన్ని ఇంకా దక్షిణానికి పోతాయి. ఒక్క క్షణం కుదురుగా ఉండదు. ఎండాకుల మధ్య ఎండాకులా, పచ్చాకుల మధ్య పచ్చాకులా కలిసిపోతుంది. పెద్ద పెద్ద కెమెరాలున్నవాళ్ళు కూడా దాని ఫొటో కోసం మెడలు నొప్పి పుట్టేదాకా చూసి వదిలేస్తారు. దాన్ని పట్టుకోవాలంటే గొంతును బట్టే పట్టుకోవాలి. వచ్చిన కొత్తలో, ఇది నా చెట్టు, ఇటు రావద్దు అని మిగతావాటికి చెబుతూ పొద్దంతా అరుస్తుంది. సూదిమొన లాంటి సన్నటి అరుపు. అందులో రెండు ముక్కలు.

నాకు కెమెరా లేదు. కొనుక్కోవాలని కూడా లేదు. నాకున్నది చెవి. నంద్యాల పిట్టల బృందంలో నాకంటూ ఒక చోటు ఉందంటే ఆ చెవి వల్లే. వాళ్ళు కళ్ళతో వెతుకుతుండగా నేను చెట్టు కింద నిలబడి, ఇది ఫలానా, అది ఫలానా అని చెప్పేదాన్ని. కాబట్టి ఆ సెప్టెంబరులో ఎవరి మాట నిజమన్నది మొగుడూపెళ్ళాల వాదన కాదు నాకు. పిట్ట రాకపోతే దానికి కారణమైనవాళ్ళ మీద పోరాడవచ్చు. పిట్ట వచ్చి, నాకే వినపడకపోతే ఎవరి మీద పోరాడాలి?

బృందం గురించి కొంచెం చెప్పాలి. దాన్ని నడిపేది నంద్యాలలో బట్టల అంగడి ఉన్న ఒక సెట్టి. తాతల నాటి వ్యాపారం. మనిషి మంచివాడే అంటారు అందరూ. నేను మొదటిసారి వెళ్ళిన రోజు, వెలుగోడు రిజర్వాయరు కట్ట మీద, అందరికీ సరిపోయేలా బొరుగుల ఉగ్గాని చేసుకుని, బజ్జీలు కట్టుకుని తీసుకెళ్ళాను. ఆకలితో ఉన్నారు, తిన్నారు. ఆ తర్వాత ఆయన కొత్తవాళ్ళకు ఒక్కొక్కరినీ పరిచయం చేస్తూ, ఈయన కెమెరా ఇది, ఆయన లెన్సు అది అని చెప్పుకుంటూ వచ్చి, నా దగ్గర ఆగి, "ఈమె మన టిఫిన్ మేడమ్" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పటికే నేను ఇరవైకి పైగా పిట్టల్ని గొంతును బట్టి చెప్పగలను. ఆ రోజు తర్వాత ఎవరికీ ఒక్క బజ్జీ కూడా తీసుకెళ్ళలేదు. అడిగారు. స్టవ్ చెడిపోయిందని చెప్పాను. ఇప్పటికీ ఆ స్టవ్ చెడిపోయే ఉంది.

ఇంకొకటి. ఈ నడకలన్నీ ఆదివారం పెడతారు. ఆదివారం మాకు ఆరాధన ఉంటుందని, శనివారం పెట్టమని ఎన్నోసార్లు చెప్పాను. అంగడికి సెలవు ఆదివారమే కదా మేడమ్ అంటాడు. పిట్టలకు సెలవు లేదు, అంగడికి ఉంది. నేను చెప్పుల నిండా రేగడి మన్నుతో గుడికి ఆలస్యంగా వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంటే, పాస్టరుగారు ప్రసంగంలో ఆకాశపక్షుల మాట వచ్చినప్పుడల్లా నా వైపే చూస్తారు.

మొదటిసారి ఆకుపిట్ట వచ్చిందని నేను బృందం వాట్సాప్‌లో పెట్టినప్పుడు సెట్టి ఒక బొటనవేలి బొమ్మ పెట్టాడు. అంతే. అదే వారం ఎవరో రాజహంసల ఫొటో పెడితే చప్పట్ల మీద చప్పట్లు. ఏడాది చివర వాళ్ళు వేసిన క్యాలెండరులో ఆకుపిట్టకు చోటు లేదు. ఫొటో లేదు కదా మేడమ్ అన్నారు. దాని గొంతును క్యాలెండరులో ఎలా వేస్తారో నాకూ తెలియదు, కానీ అడిగితే ఆలోచించి చెప్పేదాన్ని.

ఆళ్ళగడ్డ నుంచి రుద్రవరం పోయే దారిలో నేను పాఠాలు చెప్పిన ఊరు ఉంది. ఊరు దాటగానే కుడివైపు ఒక బండ్ల బాట, ఆ బాట పక్కన గట్టు మీద వరసగా చింతచెట్లు, వేపచెట్లు. వాటి అవతల ఒక కొర్రచేను. మధ్యాహ్నం బడి విడిచినప్పుడు ఆ చెట్ల కింద సద్ది తినేదాన్ని. అక్కడే మొదట విన్నాను ఆ అరుపు. ఏ పిట్టో తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. పదవీ విరమణ తర్వాత కూడా ప్రతి సెప్టెంబరూ బస్సెక్కి వెళ్ళి, ఆ గట్టు మీద ఉదయాలు గడపడం అలవాటైంది.

ఆ ఏడు వెళ్ళాను. ఏమీ లేదు. పిగిలిపిట్టలు కూశాయి. కాకులు అరిచాయి. ఉడత అరిచింది. చేలో కొత్తగా కట్టిన మెరుపు రిబ్బను గాలికి గుంయ్‌మని మోగింది. ఆకుపిట్ట లేదు. మర్నాడు వెళ్ళాను. లేదు. ఆ వారమంతా వెళ్ళాను. వాన పడి బాటంతా బురద. చెప్పులకు నల్లమన్ను అంటుకుని ఒక్కో కాలూ ఇటుకంత బరువు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఇక రేపు పోకూడదు అనుకోవడం, తెల్లవారితే మళ్ళీ బస్టాండులో నిలబడి ఉండడం.

రాత్రిపూట కీచురాళ్ళ చప్పుడు కూడా తగ్గిందని గమనించాను. మందులు కొట్టి కొట్టి పురుగన్నది లేకుండా చేశారు, ఇక పిట్ట ఏం తిని బతుకుతుంది అని మా ఆయనతో అన్నాను. ఆయన పేపరు దించి, కాసేపు చెవొగ్గి విన్నాడు.

"కూస్తానే ఉండాయి కదా మే. చెవులు పగిలిపోతాండాయి" అన్నాడు.

నేనేమన్నా దానికి ఎదురు చెప్పడం ఆయన అలవాటు. ఆ మాటకు విలువ ఇవ్వలేదు.

మొదట నా అనుమానం కరెంటు వాళ్ళ మీద పడింది. తీగల కింద కొమ్మలు కొట్టేస్తామని చింతచెట్లను ఒక పక్కంతా నరికి పోయారు. ఆళ్ళగడ్డలో వాళ్ళ ఆఫీసుకు వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాను. అక్కడి కుర్చీలో ఉన్నాయన, కరెంటు రాలేదనా అని అడిగాడు. పిట్ట రాలేదని చెప్పాను. పెన్ను కింద పెట్టి నా ముఖం వంక చూసిన ఆ చూపు నేను మరిచిపోలేదు. తర్వాత వినాయక చవితి పందిళ్ళ మైకుల గురించి పంచాయతీలో చెప్పాను. మైకులు ఊళ్ళో ఉండాయి, పిట్టలు చేలో ఉంటాయి కదా టీచరమ్మా అని అన్నారు. అక్కడున్న వాళ్ళలో సగం మంది నా దగ్గర రెండో ఎక్కం నేర్చుకున్నవాళ్ళే.

ఆ ఆదివారం బృందంతో వెలుగోడు వెళ్ళాను. వెళ్ళే దారిలో వ్యానులో సెట్టి, పోయిన వారం గడివేముల వైపు ఆకుపిట్టను విన్నామని చెప్పాడు. నాకు నమ్మకం కలగలేదు. ఆయన చెవి సంగతి నాకు తెలుసు. ఒకసారి కుట్టుపిట్ట అరుస్తుంటే ఆటో హారన్ అనుకున్నవాడు. కట్ట కింద తుమ్మచెట్ల దగ్గర నడుస్తుండగా ఆయన హఠాత్తుగా ఆగి, వేలు పైకెత్తి, "అదో మేడమ్, మీ పిట్ట" అన్నాడు.

నిలబడ్డాను. ఊపిరి బిగబట్టి విన్నాను. నీళ్ళ అవతల ఎక్కడో మోటారు చప్పుడు. పక్కనున్న అమ్మాయి గాజుల చప్పుడు. తుమ్మచెట్టులో ఏమీ లేదు. మిగతావాళ్ళు తలలు ఊపుతున్నారు. ఒకరిద్దరు నవ్వుముఖంతో నా వైపే చూస్తున్నారు, నేనేదో సంతోషపడతానని. నాకు టిఫిన్ మేడమ్ గుర్తొచ్చింది.

"నన్ను ఆట పట్టిచ్చేదానికా ఇంత దూరం తెచ్చినావు? ఆడ ఏమీ ల్యా" అన్నాను.

సెట్టి వేలు దించాడు. తర్వాత టిఫిను దగ్గర గానీ, తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో గానీ నాతో మాట్లాడలేదు. అందరూ కలిసి నాటకమాడారని నేను నమ్మాను. నమ్మడం తేలిక. చాలా ఏళ్ళ సరుకు లోపల సిద్ధంగా ఉంది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన నవ్వలేదు. ఒక్కసారి చెవులు చూపించుకో మే అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నా దగ్గర ఒక సాక్ష్యం ఉంది. ఆ కొర్రచేలో రిబ్బను మోత బాట మొదట్లో బస్సు దిగగానే నాకు వినిపిస్తుంది. అంత దూరం నుంచి రిబ్బను వినే చెవికి నెత్తి మీద పిట్ట వినపడదా? ఇలా అనుకున్నాక ఇంకో ఆలోచన వచ్చింది. ఆ రిబ్బనే పిట్టను తరిమేస్తోందేమో.

రిబ్బను సంగతి కొంచెం చెబుతాను. కొర్ర కంకి పాలు పోసుకున్నప్పటి నుంచి కోసేదాకా చేను పిట్టలపాలు కాకుండా చూడడం పెద్ద పని. పూర్వం మంచె వేస్తే, దాని మీద ఒక మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని, వడిసెలతో రాళ్ళు విసురుతూ, రేకుడబ్బా కొడుతూ కేకలేసేవాడు. ఇప్పుడు అంత ఓపిక ఉన్న మనుషులు లేరు. ఒక వైపు ఎరుపు, ఒక వైపు వెండి రంగు ఉన్న సన్నటి రిబ్బను అంగళ్ళలో దొరుకుతుంది. చేను పొడుగునా కట్టెలు నాటి దాన్ని మెలిపెట్టి కడితే ఎండకు మెరుస్తుంది, గాలికి మోగుతుంది. పిట్టలు బెదురుతాయి.

ఆ చేను ఆసామి నా దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. నన్ను చూస్తే ఇప్పటికీ తలకు చుట్టుకున్న తువ్వాలు తీసేస్తాడు. వాడి దగ్గరికి వెళ్ళి, చెట్ల వైపు ఉన్న రిబ్బనంతా ఒక వారం పాటు తీసేయమన్నాను. వాడు చేను వైపు చూశాడు, చెట్ల వైపు చూశాడు.

"తీయొచ్చు టీచరమ్మా. కంకి ఇప్పుడే గట్టిపడతాంది. మా యమ్మ ఊరుకోదేమో."

"మీ అమ్మకు నేను చెప్తాలే."

"మీరు చెప్పొద్దు. నేనే చెప్తా" అన్నాడు. ఆ సాయంత్రమే తీసేశాడు. పలక పట్టుకుని నా ముందు నిలబడినవాడు నా మాటకు కాదనలేడని నాకు తెలుసు. తెలిసే అడిగాను.

రెండు మూడు రోజులు గట్టు మీద కూర్చున్నాను. రిబ్బను లేని నిశ్శబ్దం. ఆకుపిట్ట గొంతు లేదు. ఆ తర్వాత గులాబి గోరింకలు దిగాయి. ఇవి కూడా ఎక్కడో ఉత్తరాన ఎడారుల అవతల నుంచి, ఆకుపిట్ట వచ్చే రోజుల్లోనే వచ్చేవి. నల్లటి తల, గులాబి రంగు ఒళ్ళు. చూడడానికి ఎంత అందంగా ఉంటాయో, చేను మీద పడితే అంత నాశనం. మందగా వచ్చి, చెట్ల వైపు ఉన్న కొర్రలో కమ్ముకున్నాయి. నేను లేచి చప్పట్లు కొట్టాను. ఒక పక్క లేచి ఇంకో పక్క దిగాయి. వాటి వెనకే చిలకలు, పిచ్చుకలు. మర్నాటికి ఆ వైపు కంకులు వట్టి ఊచలయ్యాయి.

ఆసామి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తువ్వాలు తీసి నిలబడ్డాడు. అంటే బాగుండేది. వాడి తల్లి ఊరుకునే మనిషి కాదు. పాత మంచె కట్టెలు బయటికి లాగించి, మళ్ళీ కట్టించి, తానే ఎక్కి రేకుడబ్బా ముందు పెట్టుకుని కూర్చుంది. నా కన్నా పెద్దది. నేను గట్టు మీదికి రాగానే పైనుంచి పిలిచింది.

"ఏం టీచరమ్మా, దూరాన్నించి వచ్చే పిట్టలు కావాలంటివంట కదా. వచ్చినాయి. సూసుకున్యావా?"

నిజానికి ఇంకో చోటైతే, ఇంకో మనిషైతే, ఈ మాటను కూడా లోపల దాచుకుని ఏళ్ళ తరబడి నెమరేసుకునేదాన్ని. ఆ పూట నాకు ఆ ఓపిక కూడా లేదు. నడిచీ నడిచీ మోకాళ్ళు పట్టేశాయి. నేనూ మంచె ఎక్కుతానన్నాను. ఎక్కలేవులే అంది. ఎక్కాను. ఆమె జరిగి చోటిచ్చింది. నేను డబ్బా అందుకుని కొట్టడం మొదలుపెట్టాను. పిట్టల్ని చూడడానికి వచ్చినదాన్ని, పిట్టల్ని తోలుతూ కూర్చున్నాను.

మంచె మీద ఎండ కింద కన్నా త్వరగా ఎక్కుతుంది. చెట్ల కొమ్మలు కంటికి ఎదురుగా, చేతికి అందేంత దగ్గరగా ఉన్నాయి. గోరింకలు ఆ పూటకు అవతలి చేలోకి పోయాయి. ఆమె వక్క కొరికి, సగం నాకిచ్చి, ఇంతకీ నువ్వు వెతికే పిట్ట ఎట్లుంటుందని అడిగింది. రంగు చెప్పాను, సైజు చెప్పాను. ఎట్లా అరుస్తుందని అడిగింది. నాకు తెలిసినట్టు అరిచి చూపించాను. ఆమె నా వైపు వింతగా చూసింది.

"అదేనా? అది పొద్దున్నించీ అరుస్తానే ఉండాది కదమ్మా. మన పక్కనే. ఇప్పుడు కూడా అరుస్తాంది. ఇనపళ్ళా?"

ఎక్కడ అన్నాను. వేలు చూపింది. వేపకొమ్మ చివర, మా నుంచి రెండు బారల దూరంలో ఒక ఆకు కదిలింది. మెడలోని బైనాక్యులర్ కళ్ళకు పెట్టాను. అదే. కంటి మీద గీత, రెక్క మీద ఉందా లేదా అన్నట్టు గీత. కొమ్మ మీద అటూ ఇటూ తిరిగింది. ఒక పురుగును ముక్కుతో పట్టి మింగింది. తర్వాత తల పైకెత్తి నోరు తెరిచింది. గొంతు కింద ఈకలు వణికాయి. నోరు మూసింది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ మూసింది.

నాకు ఏమీ వినపడలేదు.

గాజు అవతల ఉన్న పిట్టను చూస్తున్నట్టుంది. బైనాక్యులర్ దించి మళ్ళీ పెట్టాను. పిట్ట నోరు తెరుస్తూనే ఉంది. పక్కన ఆమె, ఇదో ఇప్పుడు, ఇదో ఇప్పుడు అని చెబుతూనే ఉంది. ఆమె మాట స్పష్టంగా వినిపించింది. అవతలి చేలో ఎవరో ఎద్దును అదిలించడం వినిపించింది. ఆమె నోట్లో వక్క నలిగిన చప్పుడు కూడా వినిపించింది.

కరెంటు ఆఫీసు కుర్చీలోని ఆయన గుర్తొచ్చాడు. సెట్టి దించిన వేలు గుర్తొచ్చింది. ఎవరి మీదా కోపం రాలేదు. కోపం లేకపోతే ఎంత అలసటగా ఉంటుందో అప్పుడే తెలిసింది. నేను ఏడుస్తున్నానని ఆమెకు ఎప్పుడు అర్థమైందో నాకు తెలియదు. డబ్బా నా చేతిలోంచి తీసుకుని తాను కొట్టడం మొదలుపెట్టింది.

మర్నాడు ఆసామితో కలిసి రిబ్బను మళ్ళీ కట్టాను. వాడు వద్దన్నా వినలేదు. కట్టెలకు మెలిపెట్టి ముడివేయడం నాకు చాతకాక రెండుసార్లు తెంపాను. కోత దాకా పొద్దుటిపూట ఆ మంచె నాది అన్నాను. చివరికి కొన్ని రోజులు నేను ఎక్కాను, కొన్ని రోజులు ఆమె. పోయిన కొర్ర ఎటూ తిరిగి రాదు.

నంద్యాలలో చెవుల పరీక్ష చేయించుకున్నాను. ఒక గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. నేను బటన్ పట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాను. అవతల అద్దంలోంచి పరీక్ష చేసే అబ్బాయి నన్ను చూస్తూనే ఉన్నాడు. బయటికొచ్చాక, మాటలు బాగానే అందుతాయి, సన్నటి శబ్దాలు పోయాయి, ఈ వయసుకు మామూలే అన్నాడు. మిషను పెట్టుకుంటే కొంత వినపడవచ్చు, అన్నీ వస్తాయని చెప్పలేను అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను. ఈ వయసుకు అన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. ఏ వయసుకు? మా ఆయన నా కన్నా పెద్దవాడు. కీచురాళ్ళు వినపడుతున్నాయి.

ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆయన, నేను చెప్పలేదా అనలేదు. అంటాడని ఎదురుచూశాను. కాఫీ పెట్టి తెచ్చాడు. చక్కెర ఎక్కువ వేశాడు.

సెట్టికి ఫోన్ చేయడానికి నాకు చాలా రోజులు పట్టింది. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఇప్పటికీ అడగలేదు. ఆదివారం పొద్దున ఒక్కడివే రుద్రవరం బాటకు రా అప్పా, కెమెరా వద్దు అన్నాను. ఎందుకని అడగకుండా సరే మేడమ్ అన్నాడు. వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో బైనాక్యులర్, చేతిలో ఫ్లాస్కు. చెట్ల కింద నిలబడ్డాం. కొర్ర అప్పటికి కోసేశారు. చేనంతా మోళ్ళు. నేను ముందే సిద్ధం చేసుకున్న మాట చెప్పాను.

"నాకు ఇనపడదప్పా ఈ పిట్ట. వెలుగోడులో కూడా ఇనపళ్ళా. యాడుందో చూపిచ్చు."

ఆయన ముఖంలో ఏదో కదిలింది. నేను భయపడినంత జాలి కనిపించలేదు. కానీ వెంటనే నా చెవి దగ్గరకు వంగి, బజారులో బేరం చేసేంత గొంతుతో, "అదో మేడమ్, పైన, వేపలో" అని అరిచాడు. కొమ్మ మీద ఏదైనా ఉంటే అది ఆ దెబ్బకు రుద్రవరం దాటి ఉంటుంది.

"మాటలు బాగానే ఇనపడతాయి. అరవద్దు" అన్నాను.

నాలుక కరుచుకున్నాడు. గట్టు మీద కూర్చుని ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చాడు. ఎండ చెట్ల మీదికి వచ్చింది. తర్వాత ఆయన నా మోచేతిని మెల్లగా తాకి, మాట లేకుండా వేలు చూపించాడు. చింతచెట్టు నడుమ కొమ్మలో ఉంది. వెతుక్కుని పట్టుకునేసరికి నాకు మెడ నొప్పి పుట్టింది. నోరు తెరిచింది. ఎట్లా అంటోందని అడిగాను. ఆయన కాసేపు విని, పెదవులు ముడిచి ఈల వేసినట్టు ఒక్క దీర్ఘమైన కూత తీశాడు.

"అది కాదు. రెండు ముక్కలు ఉంటాయి. నడుమ విరుపు ఉంటాది" అన్నాను.

"నాకు ఒకటే ఇనపడతాంది మేడమ్."

"మళ్ళీ విను."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను పిట్టనే చూస్తూ, అది నోరు తెరిచినప్పుడల్లా ఆయన మోకాలి మీద వేలితో తట్టాను. చాలాసార్లు తట్టాను. ఆరాధనకు గంట కొట్టే వేళ దాటిపోతోందని తెలుసు. పాస్టరుగారు ఏమంటారో కూడా తెలుసు.

"రెండా, ఒకటా?" అన్నాను.

ఆయన కళ్ళు తెరవలేదు. ఇంకోసారి తట్టమన్నట్టు చెయ్యి ఊపాడు. తట్టాను.

"రెండే" అన్నాడు.